పాలిస్టర్ పోగుతో కుట్టిన తులసిదళం

లింబాయత్‌లో మా పెద్దనాయన గదిలో ఒక రేకు ట్రంకు పెట్టె ఉంది. అందులో బట్టల అడుగున, పాత గుజరాతీ పేపరులో చుట్టిన ఒక బైండు ఉంటుంది. ‘ఆంధ్రభూమి’ వారపత్రికలోంచి చింపిన పేజీలు. పక్కన మూడుచోట్ల తూట్లు పొడిచి, సాంచె (మరమగ్గం) మీద మిగిలిన పాలిస్టర్ పోగును నాలుగు పేటలు పేని కుట్టాడు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నీళ్ళు తాపీ గట్టు దాటి సూరత్‌ను ముంచినప్పుడు ఆ పెట్టె కూడా మునిగింది. పేజీలు ఇటుకలా అతుక్కుపోయాయి. బురద ఎత్తిపోసుకున్నాక ఆయన ఆ బైండును రేకుల మీద ఎండబెట్టి, ఒక్కో పేజీని బ్లేడు అంచుతో విడదీశాడు. పడుగులో తెగిన పోగును వెతికి ముడివేసే మనిషికి ఆ ఓపిక కొత్తది కాదు. చివరి రెండు వారాల పేజీలు మాత్రం దక్కలేదు.

మొన్న బతుకమ్మ పండుగకు అందరం ఆ గదిలో చేరినప్పుడు ఆ బైండు మీదే మాటామాటా పెరిగింది. ఒకవైపు పెద్దనాయన. కరీంనగర్ జిల్లా నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చి, నలభై ఏళ్ళు సాంచెలు నడిపిన మనిషి. మరోవైపు ఆయన మనవరాలు, మా అన్న బిడ్డ. మున్సిపాలిటీ వాళ్ళ తెలుగు మీడియం బడిలో చదువుకుంది. ఇప్పుడు రింగ్ రోడ్డు టెక్స్‌టైల్ మార్కెట్లో లెక్కలు రాస్తుంది.

“గా మనిషి మాకు ప్రశ్నలు వేసుడు నేర్పిండు. తర్వాత తర్వాత ప్రశ్న రాకముందే జవాబు చెప్పబట్టిండు,” అన్నాడు పెద్దనాయన.

“నువ్వు నవలలు చదివినవు తాతా. నేను ‘విజయానికి అయిదు మెట్లు’ చదివి డిగ్రీ పూర్తిచేసిన. నాకు ఆయన గదే,” అంది పిల్ల.

ఇది ఒక్క మా ఇంటి గొడవ అనుకోను. తెలుగు చదివే ఇళ్ళలో యండమూరి పేరెత్తితే రెండు జట్లు కనబడతాయి. ‘తులసిదళం’, ‘అభిలాష’, ‘వెన్నెల్లో ఆడపిల్ల’ చదివిన జట్టు ఒకటి. ‘చదువు-ఏకాగ్రత’, ‘లోయ నుంచి శిఖరానికి’ చదివి ఆయనను గురువుగా చూసుకునే జట్టు ఇంకొకటి. ‘డేగ రెక్కల చప్పుడు’ లాంటి తరువాతి నవలలు చదివి పాత రోజులు వచ్చాయని సంబరపడ్డవాళ్ళున్నారు, ఆ పట్టు లేదని నొచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 1948లో పుట్టిన రచయిత ఇన్ని దశాబ్దాలు రాస్తే అందరూ అన్నీ మెచ్చుకోవడం జరగదు. కానీ మా పెద్దనాయన అన్న మాట మామూలు పాత పాటల మోజు కాదు. అందులో గట్టి సంగతి ఉంది. దాని గురించే ఈ వారం.

ముందు ఆ రోజుల్లో మేము ఎలా చదివామో చెప్పాలి. 1980ల మొదట్లో సూరత్‌లో తెలుగు వారపత్రిక దొరకడం కష్టం. ఊరి నుంచి రైలెక్కి వచ్చేవాళ్ళు సంచిలో పచ్చళ్ళతో పాటు నాలుగైదు సంచికలు ఒక కట్టగా తెచ్చేవారు. ఎవరు ముందొస్తే వాళ్ళ కట్ట ముందు. అందుకని పన్నెండో వారం చదివాక పదో వారం చేతికొచ్చేది. పదకొండు అసలే వచ్చేది కాదు. రాత్‌పాలికి (రాత్రి షిఫ్టుకు) పోయేవాళ్ళు సాయంత్రం చదివి, దిన్‌పాలి నుంచి వచ్చేవాళ్ళకు ఇచ్చిపోయేవారు. చదవడం రానివాళ్ళకు గది ముందు అరుగు మీద ఒకరు చదివి వినిపించేవారు. నాకప్పుడు పదేళ్ళు. రాని వారంలో ఏం జరిగి ఉంటుందో పెద్దవాళ్ళు కలిసి అల్లేవారు. పాప తులసికి ఉన్నది జబ్బా, చేతబడా? ఆస్తి ఎవరికి పోవాలని ఎవరు చూస్తున్నారు? చేతబడి నమ్మేవాళ్ళు ఒక పక్క, నమ్మనివాళ్ళు ఒక పక్క. కథలో మంత్రగాళ్ళు ఒరిస్సా నుంచి వస్తారు కదా, మా బాపు పక్క సాంచె మీద పనిచేసే గంజాం జిల్లా మనిషిని హిందీలో అడిగాడట, మీ దగ్గర నిజంగా ఇలా చేస్తారా అని. ఆయన నవ్వి, మా ఊళ్ళో అయితే మీ ఆంధ్రా మంత్రగాళ్ళంటేనే భయం అన్నాడట. మరునాడు అరుగు మీద నమ్మనివాళ్ళ జట్టు కాస్త బలపడింది.

‘తులసిదళం’ గొప్ప సాహిత్యమని నేను వాదించడం లేదు. చేతబడి భయాన్ని ఇంటింటికీ తెచ్చిందని హేతువాదులు ఆ రోజుల్లోనే గట్టిగా తప్పుపట్టారు. వాళ్ళ కోపానికి కారణం ఉంది. కానీ ఆ నవల మా అరుగు మీద చేసిన పని నేను కళ్ళారా చూశాను. మంత్రం ఒక దారిలో, వైద్యం ఒక దారిలో నడుస్తుంటే, నమ్మేవాడికీ నమ్మనివాడికీ ఇద్దరికీ చేతిలో సాక్ష్యం ఉండేది. ఎవరి సాక్ష్యం వాళ్ళు చూపించాల్సి వచ్చేది. ఆరో తరగతితో బడి మానేసిన మనుషులు “ఎందుకట్లంటున్నవు? ఏ వారంల చెప్పిండు?” అని ఒకరినొకరు నిలదీసుకోవడం నేను మొదటిసారి విన్నది అక్కడే. సేటు ముందు నిలబడి పగార్‌లో ఎందుకు కోశారని అడగలేని మనుషులే వాళ్ళు.

రహస్య నవల అల్లిక అలాంటిది. ప్రశ్న మొదటి పేజీలో ఉంటుంది, జవాబు చివరి పేజీలో. మధ్యలో ఉన్నదంతా పాఠకుడి బుర్రకు పని. వ్యక్తిత్వ వికాస పుస్తకంలో జవాబు అట్ట మీదే ఉంటుంది. ఎన్ని మెట్లో కూడా లెక్క చెప్పేస్తుంది. లోపల ఉన్నది ఆ జవాబును నమ్మించే పని. ఒకే చెయ్యి ఈ రెండూ రాయగలదు. కానీ మొదటి రకంతో అనుమానించడం అలవాటైన పాఠకుడు రెండో రకం దగ్గరికి వచ్చేసరికి, నిన్నటిదాకా తన మాట అడిగిన మనిషి ఇవాళ వినమని మాత్రమే అంటున్నట్టు అనుకుంటాడు. పెద్దనాయన బాధ అదే.

మనవరాలు ఊరుకోలేదు. “అప్పుడు మాత్రం చెప్పలేదా తాతా? చెస్ గురించి చెప్పిండు, హిప్నటిజం గురించి చెప్పిండు, 302 సెక్షన్ గురించి చెప్పిండు. కథ ఆపి మరీ చెప్పిండు. మీరు గది మెచ్చుకున్నరు. నేను గదే చదువుతే తప్పా?”

ఆ దెబ్బ గురి చూసి కొట్టిందే. యండమూరి మొదటి నుంచీ సమాచారం ప్రేమించే రచయిత. చార్టర్డ్ అకౌంటెంటు బుర్ర అది, ప్రతి కథలోనూ పాఠకుడికి తెలియని ఒక విద్యను తెచ్చిపెడుతుంది. తరువాతి పుస్తకాల విత్తనం ముందు నవలల్లోనే ఉంది. అయితే తేడా ఎక్కడంటే, ‘అభిలాష’లో చట్టం గురించి చెప్పిన ప్రతి మాటా ఉరిశిక్ష వద్దని పోరాడే ఆ కుర్ర లాయరు మెడకే చుట్టుకుంటుంది. ఆ మాట తీసేస్తే కథ కూలిపోతుంది. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో పొడుపులు విప్పితే తప్ప ఫోను నంబరు దొరకదు. ఆ విద్య కథలో పోగు. తరువాతి వాటిల్లో అదే విద్య చాలాచోట్ల గుడ్డ మీద అచ్చువేసిన పువ్వులా పైపైన ఉండిపోయిందని నాకనిపిస్తుంది. పువ్వు అందంగానే ఉంటుంది. గుడ్డ బలం దానితో రాదు.

ఈ గొడవ మన ఒక్క రచయితకే వచ్చింది కాదు. కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేసి, పదేళ్ళకు తిరిగి తెచ్చాడు. కార్న్‌వాల్ పడవవాడొకడు ఆయనతోనే అన్నాడట, హోమ్స్ పడినప్పుడు చావకపోయి ఉండొచ్చు గానీ ఆ తర్వాత మునుపటి మనిషి కాలేదు అని. ఆ మాట లోకానికి చెప్పింది డాయిలే. సత్యజిత్ రాయ్ ఇంకా ముందుకు పోయాడు. ఫెలూదా కథల్లో పస తగ్గిందని పాఠకులు అంటుంటే, దాన్ని ‘నయన్ రహస్య’ కథ మొదట్లోనే పెట్టాడు. ఉత్తరాలు చదివి ఫెలూదాయే దిగులుపడి కూర్చుంటాడు. తన పాఠకుల అసంతృప్తిని తన డిటెక్టివ్ భుజాన వేసి కథ మొదలుపెట్టిన ఆ పెద్దమనిషిని తలచుకుంటే నాకు చెప్పలేనంత గౌరవం.

అగాథా క్రిస్టీ సంగతి మరీ గుండె పిండుతుంది. ఆమె చివరగా రాసిన నవల 1973 నాటి ‘పోస్టర్న్ ఆఫ్ ఫేట్’. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. అందులో పోగులు ఎక్కడివక్కడ జారిపోయాయని ఆమె అభిమానులే ఒప్పుకుంటారు. 1975లో ఆమె డిటెక్టివ్ పాయిరో చివరి కథ ‘కర్టెన్’ వచ్చింది. అది బిగువుగా ఉంది. నిజానికి ఆమె దాన్ని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే రాసి బ్యాంకు లాకరులో దాచిపెట్టింది. పుస్తకం మీద వేసిన సంవత్సరం చూసి చెయ్యి వయసు కట్టలేమని అది నేర్పుతుంది. టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో ఆమె నవలల్లోని మాటలు లెక్కగట్టి, చివరి వాటిలో మాటల సంపద బాగా తగ్గిందని, అది మతిమరుపు జబ్బు గుర్తు కావచ్చని చెప్పారు. పాఠకులు విసుక్కున్న చోట, ఒక ముసలమ్మ మాటల కోసం తడుముకుంటూ ఉండి ఉంటుంది.

అది తెలిశాక నోరు మెదపకూడదనిపిస్తుంది. “పెద్దాయన, ఈ వయసులో రాస్తున్నాడు, అదే పదివేలు” అనేవాళ్ళు అందుకే అంటారు. వాళ్ళ మనసు మంచిదే. అయినా నేను ఆ జట్టులో చేరను. ఎందుకో చెప్పడానికి మళ్ళీ పెద్దనాయన దగ్గరికే రావాలి.

ఆయనకూ చివరి రోజుల పని ఒకటి ఉంది. అరవై దగ్గరపడ్డాక కళ్ళు మసకబారాయి. నాలుగు సాంచెలు చూసుకునే మనిషి, పోగు తెగింది కనబడక ముందుకు పోనిచ్చేవాడు. ఫోల్డింగ్ బల్ల మీద తాకా (నేసిన గుడ్డ చుట్ట) పరిచి చూసేవాళ్ళు డ్యామేజి ఉన్నచోట సుద్దముక్కతో గీత గీసేవారు. ఖాతాలో (సాంచెలు నడిచే షెడ్డులో) ఆయనంటే అందరికీ గౌరవం. చూసేవాడు కుర్రవాడు, మొహమాటపడి రెండుసార్లు గీయకుండా వదిలేశాడు. పెద్దనాయనకు అది తెలిసింది. ఆ కుర్రవాడి దగ్గరికి పోయి, “నాయనా, మంచిగ లేదని ఊకె అనకు, మంచిగున్నదని అసలే అనకు. ఎక్కడ తప్పిందో గీత గీసి చూపియ్యి,” అన్నాడు. గీతలు ఎక్కువయ్యాక తనే సాంచె దిగిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. కానీ గీసిన కుర్రవాణ్ణి ఒక్క మాట అనలేదు.

పాఠకుడు రచయితకు ఇవ్వగలిగింది ఆ సుద్దగీతే. “పస తగ్గింది” అనేది గీత కాదు, గొణుగుడు. “మీరే మా దేవుడు” అనేదీ గీత కాదు. ఈ పేజీలో ఈ పాత్ర తన మాట మాట్లాడటం మానేసి మీ మాట మాట్లాడింది, ఈ ఆధారం ముందు చూపకుండా ముగింపులో తెచ్చారు అని వేలు పెట్టి చూపితే అది గీత. యండమూరి పాఠకుల్లో రెండు జట్లవాళ్ళకూ నా విన్నపం అదే. ఆయన మన బుర్రల్ని లెక్కచేసి రాసిన రోజులున్నాయి. ఆ బుర్రలతోనే ఆయన పుస్తకాలు చదవాలి, పాతవైనా కొత్తవైనా. పాతవాటినీ వదలకూడదు. ‘తులసిదళం’ను ఇప్పుడు తీసి చదివితే నేను కూడా చాలాచోట్ల సుద్దముక్క అందుకుంటాను.

మా అన్న బిడ్డ పట్టుదల పిల్ల. దసరాకు ఊరికి పోయి తిరుగు ప్రయాణంలో వరంగల్లులో ‘తులసిదళం’ పుస్తకం కొని, నవజీవన్‌లో తెచ్చి తాత చేతిలో పెట్టింది. పోయిన రెండు వారాలు అందులో ఉన్నాయి కదా. ఆయన ముగింపు చదవలేదు. “నాకు ఎరుకే,” అని పక్కన పెట్టి, “నీ మెట్ల పుస్తకం ఇటియ్యి,” అన్నాడు.

పదిహేను రోజులకు తిరిగిచ్చాడు. అంచుల నిండా పెన్సిలు గుర్తులు. కొన్నిచోట్ల వట్టి ప్రశ్నార్థకం, కొన్నిచోట్ల ‘ఎట్ల?’, ఒకచోట ‘సాంచె మీద పన్నెండు గంటలు నిలబడేటోనికి?’. పిల్ల మొదట ఏడ్చినంత పని చేసింది, తన పుస్తకం పాడుచేశాడని. తర్వాత నీలిరంగు పెన్ను తీసుకుని ఆ ప్రశ్నల కింద జవాబులు రాయడం మొదలుపెట్టింది. పన్నెండు గంటల ప్రశ్న కింద ఏమీ రాయకుండా చోటు వదిలింది. నిన్న నేను చూసినప్పుడు పుస్తకం మళ్ళీ తాత మంచం మీద ఉంది, నలభయ్యో పేజీ దగ్గర పెన్సిలు పెట్టి.