రాజహంసకు ఫ్లాష్ ఎందుకు?

జుబైల్ దగ్గర సబ్‌ఖత్ అల్ ఫస్ల్ అనే చిత్తడి నేల ఉంది. చలికాలంలో అక్కడ రాజహంసలు గుంపులుగా కనిపిస్తాయి. మన పులికాట్ సరస్సులో కనిపించేవి కూడా ఈ జాతివే.

మీలో కొందరు నాన్నగారి కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్తుంటారు కదా? ఫ్లాష్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి అంటాను నేను. ఎందుకో చెప్తా. దూరం రెండింతలైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. రాజహంసలేమో ఎక్కడో దూరంగా నీళ్ళలో నిలబడతాయి. అందుకే కొందరు ఫ్లాష్ ముందు పల్చటి ప్లాస్టిక్ లెన్స్ తగిలిస్తారు. అది వెలుగును చెదరనివ్వకుండా దూరం పంపుతుంది. బాగానే ఉంది! కానీ సూర్యుడు ఆ లెన్స్‌కు ఎదురుగా పడితే, అది భూతద్దంలా ఎండను లోపలికి పోగుచేసి ఫ్లాష్‌నే కరిగించేయగలదు. సౌదీ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా?

పగటిపూట కొమ్మల నీడలో ఉన్న పిట్టకు కాస్త ఫ్లాష్ వేస్తే ఫొటో బాగుంటుంది, ఒప్పుకుంటాను. రాత్రి గుడ్లగూబకు మాత్రం వద్దు. గూటిలో పిల్లలున్న పక్షికి అసలే వద్దు. చీకట్లో మీ కళ్ళ మీద ఫ్లాష్ పడితే కాసేపు ఏమీ కనబడదు కదా! గుడ్లగూబ తిండి వెతుక్కునేదే ఆ చీకట్లో.

పొద్దున్నే వెళ్ళండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. రాజహంస రెక్క విప్పినప్పుడు కనిపించే ఎర్ర గులాబీ రంగుకు ఆ వెలుగు చాలు. పొద్దున్నే లేవడానికి మా ఇంట్లోనూ గొడవేలెండి, అది వేరే సంగతి.