ఒకే తీరం... రెండు చట్టాలు

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి తెల్లవారుజామున మరబోటు బయల్దేరుతుంది. 12 నాటికల్ మైళ్ల వరకూ, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకా చేపల వేట రాష్ట్రం పరిధిలోది. అది దాటితే కేంద్రానిది. నీళ్లమీద గీత కనిపించదు. గీసింది రాజ్యాంగం!

ఎవరి అధికారం ఎంతవరకో చెప్పేది ఏడో షెడ్యూలు. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా... మొత్తం మూడు. అమెరికాలో కాంగ్రెస్ చేసేది ‘ఫెడరల్ లా’. మన దగ్గర దాన్నే కేంద్ర చట్టం అంటాం. అయితే ఓ పెద్ద తేడా ఉంది. అక్కడ రాజ్యాంగం కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకో ప్రజలకో మిగులుతాయి. ఇక్కడ ఏ జాబితాలోనూ లేనివి పార్లమెంటుకు చెందుతాయి.

విశాఖ పోర్టునే చూడండి. అది మేజర్ పోర్టు. 2021లో పార్లమెంటు చేసిన చట్టం కింద నడుస్తోంది. పక్కనే ఉన్న గంగవరం పోర్టు ఆ కోవలోకి రాదు. అది రాష్ట్ర మారిటైమ్ బోర్డు పరిధిలోది. సముద్రం ఒకటే, యజమాన్యాలూ నిబంధనలూ వేరు.

మరి ఉక్కు? పరిశ్రమలు రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి. కానీ ప్రజాప్రయోజనం కోసం పార్లమెంటు ప్రకటించినవి కేంద్రం చేతికి వెళ్తాయి. 1951 నాటి పరిశ్రమల చట్టంతో ఉక్కు అలాగే వెళ్లింది. పైగా విశాఖ ఉక్కు కర్మాగారంలో వాటాలూ కేంద్రానివే.

‘విశాఖ ఉక్కు- ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు అర్పించారు. అయినా 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ ఏడాది మే నెలలో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. తీర్మానానికి రాజకీయంగా బరువుంది, కేంద్రాన్ని కట్టడిచేసే శక్తి లేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీని ఆమోదించిందీ కేంద్ర మంత్రివర్గమే.

ఉద్యమాలు వృథా అని దీని అర్థం కాదు. కర్మాగారం వచ్చిందే ఉద్యమంతో కదా! గాజువాక ఓటరు ఎమ్మెల్యేనూ ఎంపీనీ ఇద్దరినీ ఎన్నుకుంటాడు. ఏది ఎవరి జాబితాలో ఉందో తెలిస్తే, ఏ గడప ముందు నిలదీయాలో తెలుస్తుంది. సామాన్యుడికి సమాఖ్య చట్టంతో ఉన్న అసలు పని అదే.