ఫోనులో పుస్తకం

నర్సింగు విద్యార్థినులు వార్డులో ఎప్పుడూ సెల్‌ఫోను చూస్తుంటారని రోగుల బంధువులు కొందరు మాతో అంటున్నారు. మేమూ మొదట అలాగే కోప్పడ్డాము. తీరా చూస్తే చాలామంది ఫోనులో ఉన్నది వారి పాఠ్యపుస్తకమే.

ఎందుకమ్మా ఫోనులో చదువుతారని అడిగాము. ఇష్టమని చెప్పినవారు తక్కువ, కొనలేక అన్నవారే ఎక్కువ. 2021లో బి.యస్సి. నర్సింగు సెమిస్టరు పద్ధతికి మారింది. సిలబస్ మారేసరికి అక్క చదివిన పుస్తకాలు చెల్లెలికి పూర్తిగా సరిపోలేదు. కూలి పనికి వెళ్ళే ఇంటి పిల్ల ఫీజూ హాస్టలూ కట్టుకొని, మళ్ళీ అన్ని పుస్తకాలు ఎక్కడ కొంటుంది? పైగా కావలసిన మాట ఫోనులో క్షణంలో దొరుకుతుంది. అయినా పరీక్షలు దగ్గరపడితే ఆ పిల్లలే ముఖ్యమైన పేజీలు జిరాక్సు తీయించి, గీతలు పెట్టుకొని చదువుతారు. ఫోనులో కళ్ళు మండుతాయట, మెసేజి వస్తే మనసు అటు పోతుందట.

మా భయం వేరు. ఈ పి.డి.యఫ్. పుస్తకాలు చేతులు మారి వస్తాయి, చాలావాటికి మొదటి పేజీలు ఉండవు. గుండె ఆగిన పెద్దవారికి ముందు ఏమి చేయాలని ఒకసారి అడిగాము. శ్వాస మార్గం సరిచేసి, ఊపిరి ఊది, ఆ తరువాత ఛాతీ నొక్కాలని ఒక అమ్మాయి గడగడా చెప్పింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ వరుసను 2010లోనే మార్చింది. ముందు ఛాతీ నొక్కాలి. ఆ అమ్మాయి చదివింది అంతకుముందు అచ్చయిన పుస్తకం, సంవత్సరం తెలిపే పేజీ అందులో లేదు. మా లైబ్రరీ బీరువాలోనూ పాతవి లేకపోలేదు, ఆ తప్పు మాదే. కాని వాటికి అట్ట తెరిస్తే సంవత్సరం కనబడుతుంది.

ఫోను నిషేధించాలనే పెద్దలతో మేము ఏకీభవించలేము. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ 2018 నుండి దేశమంతటికీ ఉచితంగా అందుబాటులో ఉంది. పిల్లలు దాన్ని వాడుకోవలసిందే. అది ఉంది గదా అని కొత్త పుస్తకాలు కొనడం మానేస్తామంటే మాత్రం ఒప్పుకోము. ఒక్కొక్క సబ్జెక్టుకు కొత్త ముద్రణ ప్రతులు కొన్నయినా లైబ్రరీలో ఉండాలి. రోగి మంచం దగ్గర మాత్రం ఫోను వద్దు, చూడవలసింది నర్సుల గదిలో చూసి రావాలి.

తల్లిదండ్రులారా, ఇంట్లో మీ అమ్మాయి చేతిలోని ఫోను లాక్కోకండి. అది ఏ పుస్తకం, ఏ సంవత్సరంలో అచ్చయినది అని అడగండి.