పెద్దవాకిట దొంగదారి

అపరిచితుని మాట నమ్మవలదని పెద్దలు చెప్పుదురు. కాని పరిచితుని గుమ్మముననే నిలిచి మోసగాడు పిలిచినచో సామాన్యుడేమి చేయగలడు? నేడు అంతర్జాలమున జరుగుచున్నది యిదియే.

అనేక వెబ్‌సైట్లయందు వచ్చినవారిని వేఱొక పుటకు బంపు నేర్పాటు కలదు. లాగిన్ అయిన పిదప మునుపటి పుటకు జేర్చుటకును, బయటి లింకుల నెందఱు నొక్కిరో లెక్కించుటకును అది యుపయోగపడును. ఎక్కడికి బంపవలయునో యా చిరునామా లింకు తోకయందే యుండును. సర్వరు దానిని బరీక్షింపక బ్రౌజరును బంపివేయునేని, ఎవ్వడైనను తన చిరునామాను ఆ తోకకు దగిలింపవచ్చును. ముందున్న పేరు ప్రభుత్వముది. చేరునది మోసగాని యిల్లు. చెత్త యీమెయిళ్లను వడగట్టు యంత్రములు సైతము ఆ పేరు చూచి దారి యిచ్చుట కలదు.

ఇది యూహ గాదు. ప్రభుత్వ సైట్ల చిరునామాలను గుఱుచచేసి ప్రభుత్వనామముతో నిచ్చు సేవ యొకటి అమెరికాలో నుండెను. 2012 అక్టోబరులో స్పామర్లు రాష్ట్రప్రభుత్వ సైట్లలోని కావలిలేని దారులను బట్టి, ఆ సేవనుండియే పొట్టి లింకులు సంపాదించి, ఇంట గూర్చుండి ధనము గడింపుడను మోసపు పుటలకు జనులను నడిపించిరి.

మన దేశమును దీనికి దూరము గాదు. 2024 మే నెలలో తెలంగాణ, కర్ణాటక, కేరళ, బీహారు మొదలగు రాష్ట్రముల ప్రభుత్వ సైట్ల లింకులు పదులకొలది జూదపు సైట్లకు దారితీయుచున్నట్లు బయల్పడెను. అచ్చట చొరబాటు విధమేదైనను, అపహరింపబడినది ప్రభుత్వనామముపై బ్రజలకుగల విశ్వాసమే.

"నొక్కుటకు ముందు చూచుకొనవలదా?" యని కొందఱు చదువరినే నిందింతురు. ఇది న్యాయము గాదు. చిరునామాలోని పేరు చూచి నమ్ముడని నేర్పినవారు ప్రభుత్వములును బ్యాంకులునే గదా! చెప్పినట్లు చేసి మోసపోయినవానిది తప్పెట్లగును? "మా యింట నేమియు బోలేదు" అని సైటు యజమాను లుపేక్షింతురు. పోయినది పొరుగువాని సొమ్ము. పోవుటకు సాధనమైనది వారి పేరు. ఓవాస్ప్ సంస్థ 2010, 2013 సంవత్సరముల పది ప్రధానదోషముల పట్టికలలో దీనిని జేర్చి, 2017లో దొలగించెను. దోషము పట్టికనుండి తొలగెను గాని లోకమునుండి తొలగలేదు.

చికిత్స కష్టము గాదు. పంపదగిన చిరునామాల పట్టిక నుంచుకొని తక్కినవానిని నిరాకరింపవలయును. బయటికి బంపక తప్పనిచో గమ్యము పేరు ముందుగా జూపవలయును. అక్కఱలేని దారులను మూసివేయవలయును. చదువరులును, సంకేతపదమో సొమ్మో యిచ్చుటకు ముందు, బయలుదేరిన చోటిని గాక చేరిన చోటి చిరునామాను మఱల జూచుకొనుట మేలు.

అయినను మొదటి బాధ్యత వాకిటివానిదే. ప్రజల నమ్మకముచే నిలిచిన పేరునకు బ్రజలే యజమానులు; దానిని గాపాడలేనివాడు ఆ పేరు ధరించుట కర్హుడు గాడు.