పుడమిలోని కాండము

పులివెందుల చుట్టుపట్ల అరటితోటలను చూచువారు, నిటారుగా నిలిచిన ఆ పచ్చని బోదెయే చెట్టుయొక్క కాండమని తలంతురు గాని, ఒకదానిపై నొకటి బిగియ చుట్టుకొన్న ఆకుతొడుగులే బోదె యనియు, అసలు కాండము దుంపయై మట్టిలో దాగియున్నదనియు, గెల వేయు తరుణమున ఆ దుంపకొనయే దూటయై బోదె నడుమగా పైకెగసి పూచుననియు ఎరిగినవారు తోట పెట్టిన రైతులు దక్క అరుదు. గెల కోసి బోదెను నరికినను తోట చావదు. దుంప కణుపులయందలి మొగ్గలు సూదిపిలకలై లేచును.

ప్రొద్దుటూరికి పొరుగున నున్న మైదుకూరి పేర ఒక పసుపు రకమే వాసికెక్కినది. ఆ పసుపుకొమ్మును చేతబట్టి నిదానించి చూడుడు: చుట్టివచ్చు గీతలు కణుపులు, వానినంటిన ఎండుపొరలు ఆకులు, మొనయందలి బుడిపె మొగ్గ. తల్లిదుంపనుండి కొమ్మలు చాచి, నేలలోనే ప్రాకి, పిండిపదార్థమును కూడబెట్టు కాండమది. త్రవ్విన పసుపును ఎండబెట్టుటకు ముందు ఉడుకబెట్టుట యేలయన, లోనున్న పిండి ఉడికి జిగురు కాగా, పసుపువన్నె కొమ్మంతట సమముగా వ్యాపించి, తడి త్వరగా వీడును. మొగ్గ గల ముక్క ఏదైనను మొలకెత్తును గనుకనే రైతు విత్తనపు కొమ్ములను నీడపట్టున ప్రోగువోసి, ఆకులు కప్పి కాపాడుకొనును.

ఎర్రగడ్డ తీరు వేరు. కడప జిల్లాలో పండి సింగపూరు, మలేషియాల కేగు చిన్న కృష్ణాపురపు గడ్డను నిలువున కోసినచో, అడుగున వేళ్ళు పుట్టు పలుచని బిళ్ళ మాత్రమే కాండమనియు, పొరలన్నియు ఆహారము నిండి ఉబ్బిన ఆకుమొదళ్ళేయనియు తెలియును. అరటి నేలపైన చూపునదే ఎర్రగడ్డ నేలలో చూపుచున్నది! ఆకుమొదళ్ళు గనుకనే, మెడ ఎండి మూసికొననిచో తేమయు తెగులును లోని కేగి గడ్డ కుళ్ళును.

ఇంత శాస్త్రము పొలముగట్టున నుండగా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పాఠశాలల బిడ్డలు దుంపల పాఠమును గోడపటము చూచి వల్లించుట మిక్కిలి బాధాకరము. ఉపాధ్యాయుడు ఒక్క పూట కత్తియు అయోడిను సీసాయు తరగతికి తెచ్చిన చాలును. ఉర్లగడ్డ ముక్కపై చుక్క వేసిన నీలినలుపగును. ఎర్రగడ్డపై కాదు, ఏలయన అది పిండికి మారుగా చక్కెరలను దాచుకొన్నది. పిమ్మట ఉర్లగడ్డ కన్నులు కాండపు మొగ్గలని చూపి, గెనుసుగడ్డను చేతికిచ్చి అట్టి కణుపులను వెదకుడనవలెను. ఎంత వెదకినను అవి కానరావు, అది వేరు.

— పినాకిని