వాహక వజ్రం, డెల్టా నీరు: చవక సెన్సర్‌ను అంచనా వేయవలసిన తీరు

కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికినదిగా చరిత్రకారులు భావించే ఒక నీలివజ్రం, 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చేతిమీదుగా పదునాలుగవ లూయీ ఖజానాకు చేరింది. పలుమార్లు సానకెక్కి, నేడు హోప్ వజ్రమన్న పేరుతో వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ఉన్నది. దాని నీలిరంగుకు కారణం కర్బన పరమాణువుల నడుమ అత్యల్పంగా చేరిన బోరాన్. ఆ బోరాన్ రంగుతోపాటు మరొక గుణాన్నీ ఇస్తుంది. సాధారణ వజ్రం విద్యుత్తును సాగనివ్వదు. బోరాన్ చేరిన వజ్రం సాగనిస్తుంది.

ప్రకృతి చేసిన ఈ కలయికను ఇప్పుడు ప్రయోగశాలలోనే సాధిస్తున్నారు. హైడ్రోజన్‌లో కొద్దిపాటి మీథేన్, బోరాన్ సమ్మేళనం కలిపి, ఆ వాయువును ప్లాస్మాగా మార్చి, సుమారు 700 నుండి 900 డిగ్రీల సెల్సియస్ వద్ద సిలికాన్ పలకపై పలుచని వజ్రపు పొరను పెంచుతారు. ఎలక్ట్రోడుగా పనికిరావాలంటే దాదాపు వెయ్యి కర్బన పరమాణువులకు ఒక బోరాన్ పరమాణువు చేరాలి. ఈ పొరపై సుమారు 3 వోల్టుల పరిధిలో నీరు విచ్ఛిన్నం కాకుండా కొలతలు తీయవచ్చు. నేపథ్య విద్యుత్ ప్రవాహం స్వల్పం కనుక కొద్దిపాటి సంకేతం కూడా స్పష్టంగా తెలుస్తుంది. ప్రొటీన్లు, బురదలోని సేంద్రియ పదార్థాలు దానిని ఇతర ఎలక్ట్రోడులంత సులభంగా పట్టుకొనవు.

ఈ చివరి గుణమే దిగువ కృష్ణా డెల్టాకు ముఖ్యం. గుడివాడ పరిసరాల్లో వరిచేలూ చేపల చెరువులూ ఒకే గట్టును పంచుకొంటున్నవి. మచిలీపట్నం, నాగాయలంక వైపు రొయ్యల చెరువులు విస్తరించినవి. పై రైతు మందు చల్లిన మడినుండి వదలిన నీరు మురుగుకాల్వలో పడుతుంది; దిగువ రైతు ఆ కాల్వనుండే చెరువుకు నీరు తోడుకొంటే, కీటకాలకు దగ్గరి జీవియైన రొయ్య ఆ మందుకు తట్టుకొనలేదు. చెరువుల ఉప్పునీరు ఎదురుగా వరిచేలోకి ఊటగా దిగడం మరొక బాధ. తగవు పెద్దల ముందుకు వచ్చేసరికి సాక్ష్యం నీటితోపాటే కొట్టుకొని పోయి ఉంటుంది. నమూనా నగరంలోని ప్రయోగశాలకు వెళ్ళి ఫలితం వచ్చే లోపల తూము తెరవాలా మూయాలా అన్న నిర్ణయం జరిగిపోతుంది. తూము దగ్గరే చేయగల పరీక్ష అవసరమన్న వాదనకు మూలమిదే. అయితే ఉప్పు కొలవడానికి వజ్రం అక్కరలేదు. చేతిలో ఇమిడే ఇ.సి. మీటరు ఆ పని చవకగా చేస్తుంది. కొత్త సాధనమన్న మోజుతో దానిని పక్కన పెట్టడం అవివేకం.

పురుగుమందుల విషయంలోనే అసలు చర్చ. బయోసెన్సర్లలో ఎక్కువగా వాడే పద్ధతి అసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమును ఎలక్ట్రోడుపై నిలపడం. ఆర్గానోఫాస్ఫేటు, కార్బమేటు మందులు ఆ ఎంజైమును అణచివేస్తే సంకేతం తగ్గుతుంది. పత్రాల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. డెల్టాలో రెండు చిక్కులున్నవి. వజ్రం ఏళ్ళతరబడి నిలుస్తుంది కాని దానిమీది ఎంజైము మే నెల ఎండకు, శీతలపెట్టె లేని చోట, నిలవదు. అప్పుడు సెన్సర్ ఆయుస్సు ఎంజైము ఆయుస్సే. రెండవది మరింత తీవ్రమైనది. దోమపోటుకు నేడు వాడే ఇమిడాక్లోప్రిడ్, డైనోటెఫ్యూరాన్, పైమెట్రోజిన్ ఈ ఎంజైమును అణచే మందులు కావు. పైరిత్రాయిడ్లు కూడా కావు. అంటే నీటిలో మందు ఉన్నా పరికరం ‘శుభ్రం’ అని చూపుతుంది. ఆ మాట నమ్మి తూము తెరిచిన రైతుకు జరిగే నష్టం, పరికరమే లేనినాటికన్నా ఎక్కువ కావచ్చు.

కనుక వజ్రాన్ని ఎంజైముకు పీటగా కాక, నేరుగా కొలిచే ఎలక్ట్రోడుగా వాడటమే ఈ ప్రాంతానికి తగినది. ఇమిడాక్లోప్రిడ్, డైనోటెఫ్యూరాన్ అణువుల్లోని నైట్రో సమూహం ఋణ వోల్టేజీ వద్ద క్షయకరణం చెందుతుంది. వజ్రం ఆ వైపు విస్తారంగా అవకాశమిస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ అడ్డు కూడా దానిపై తక్కువ. ఉప్పునీటిలోని క్లోరైడు ధన వోల్టేజీ వైపు క్లోరిన్‌గా మారి కొలతను చెడగొడుతుంది కాని ఋణవైపు ఆ బాధ లేదు. నైట్రో సమూహం లేని పైమెట్రోజిన్‌ను మాత్రం ఈ దారిన పట్టలేము. దాని సంగతి వేరుగా చూడవలసినదే.

‘చవక’ అన్న మాటకూ లెక్క సరిచేయాలి. ముద్రించిన కార్బన్ పట్టీ ఖరీదు తక్కువ, కాని ఒక్క కొలతకే పారవేయాలి. వజ్రపు ఎలక్ట్రోడు ఖరీదు ఎక్కువ, కాని తుడిచి వేలసార్లు వాడగలిగితే కొలతకు పడే ఖర్చు పడిపోతుంది. ప్రతి రైతు చేతిలో ఒకటి ఉంచాలన్న ఆశకన్నా, గ్రామ స్థాయి రైతు సేవా కేంద్రంలో ఒకటి ఉంచి, వాడే మనిషికి తగిన తర్ఫీదునివ్వడం సాధ్యమైన మార్గం. రెండు పక్షాలకూ చెందని చోట ఉన్న పరికరం మాటకే తగవులో విలువ ఉంటుంది.

2023 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన ప్రయోగశాల వజ్రాల కేంద్రం ఐ.ఐ.టి. మద్రాసుకు దక్కింది, ఐదేళ్ళకు సుమారు 243 కోట్ల రూపాయలు. ఆభరణాల పరిశ్రమను దృష్టిలో ఉంచుకొని వచ్చిన నిధి అది. అక్కడ పెరిగే పొరల్లో బోరాన్ కలిపినవి కొన్ని వ్యవసాయ పరిశోధనకు రావాలంటే, అడగవలసినవారు వ్యవసాయ శాస్త్రవేత్తలే. అడిగేటప్పుడు తమ షరతునూ చెప్పాలి: శుద్ధ బఫరులో వచ్చిన సున్నితత్వపు అంకె చాలదు. దివిసీమలో పోటుకూ పాటుకూ మధ్య ఒక్క రోజులోనే కాల్వ ఉప్పదనం మారుతుంది. సార్వా చివరి మురుగునీటిలోనూ, ఎండాకాలపు చెరువు నీటిలోనూ, పోటుమీద నాగాయలంక కాల్వ నీటిలోనూ, తెలిసిన మోతాదు మందు కలిపి, అదే నమూనాను క్రొమాటోగ్రఫీ ఫలితంతో పోల్చి చూపిన తరువాతే పరికరాన్ని కేంద్రాలకు పంపాలి.