పరీక్ష లేని మందు కంటిని కాపాడదు

కొల్లేటి చేపల చెరువుల్లో, చుట్టుపక్కల వరిచేలలో కూలికి వెళ్ళేవారి కంటిలో గడ్డిపోచో, మట్టి నలుసో పడటం నిత్యకృత్యం. కొన్నాళ్ళకు కన్ను ఎర్రబారి నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనిపిస్తుంది. దాన్ని ‘పువ్వు’ అంటారు. పేరు అందమైనదే, పోయేది మాత్రం చూపు.

ఈ పుండ్లలో అధికభాగం బాక్టీరియా వల్లనో, ఫంగస్ వల్లనో వస్తాయి. అరుదుగా మరొకటి ఉంది: పితియం ఇన్సిడియోసం. పొగాకు, మిరప నారుమళ్ళు పెంచిన రైతులకు ఈ జాతి కొత్త కాదు. నారుకుళ్ళు తెగులు దాని దాయాదుల పనే. చూపుకు అచ్చం ఫంగస్‌లాగే ఉంటుంది గాని, ఇది నీటిలో పెరిగే వేరే బూజు. ఫంగస్ కణపు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని పనిచేసే నటామైసిన్ చుక్కలకు ఇక్కడ పట్టు దొరకదు, ఆ పదార్థమే దీనిలో లేదు గనుక. వారాల తరబడి చుక్కలు వేసినా పుండు పెరుగుతూనే ఉంటుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు దక్షిణాదిలోని ఇటువంటి కేసులను 2015లో ప్రచురించారు. తరువాత లినెజోలిడ్, అజిత్రోమైసిన్ వంటి బాక్టీరియా మందులతోనే కొన్ని కళ్ళు నిలిచాయి.

రోగం పేరు తేలడానికి కావలసింది పుండును గీకి తీసిన పిసరంత నమూనా, ఒక సూక్ష్మదర్శిని, చూడటం నేర్చిన మనిషి. అప్పటికీ అనుమానం తీరకపోతే పీసీఆర్ పరీక్ష. కాని కూలీకి మొదట దొరికేది మందుల దుకాణం. అక్కడిచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్లే ఉండి, లోపల పుండు ముదురుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది మూర్ఛలతో పడిపోయినప్పుడు రక్త నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్ దాకా వెళ్ళాయి. ఊరు పడిపోతే కదిలిన యంత్రాంగం ఒక్క కూలివాని కంటికి ఎందుకు కదలదు? 2023లో ఏలూరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కంటి పుండు నమూనాను అదే రోజు చూసి చెప్పే ఏర్పాటు అక్కడ ఉండాలని మేము కోరుతున్నాము. 2022 విభజనలో తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. అక్కడి రోగితో ‘మీది ఈ జిల్లా కాదు’ అనకుండా ఆ సంగతి ఉత్తర్వులోనే రాయాలి. ఫైళ్ళ మధ్య ఉద్యోగకాలం గడిపిన మాకు తెలుసు, ఉత్తర్వులో లేనిది కౌంటరులో దొరకదు.

మన మసీదు కమిటీలకూ ఒక మాట. కంటి శిబిరాలు కళ్ళద్దాలతో, శుక్లాల జాబితాతో ముగుస్తున్నాయి. మంచి పనే, చాలదు. పుండు ఉన్న పేదవారిని విజయవాడ చేరువలోని తాడిగడపలో ఉన్న ఎల్.వి. ప్రసాద్ సంస్థ శాఖకు పంపేందుకు బస్సు ఖర్చు, పోయిన కూలి జకాత్ నుంచి ఇవ్వండి. ముస్లిమేతర కూలీలకు సదఖా ఉండనే ఉంది. వెంట పంపే చీటీలో ఏ చుక్కలు ఎన్నాళ్ళు వేశారో, ఏ నీటిలో పనిచేశారో, నమూనా తీశారో లేదో తప్పక రాయండి.